రెండు అక్షరాలు, రెండు చుక్కలు

నేను ఒక కీబోర్డును. ఇప్పుడు దొరికే పల్చటి, నోరులేని రకాన్ని కాదు. ఒక్కో మీట కింద ఒక్కో స్ప్రింగు ఉన్న పాతకాలం దాన్ని. నొక్కితే టక్కుమంటాను, వదిలితే ఇంకోసారి టక్కుమంటాను. వీధిలోకి వినిపిస్తాను. నన్ను చేసినవాళ్లు అది సుగుణమనే అనుకున్నారు. పక్కింటివాళ్ల అభిప్రాయం వేరు.

పుట్టింది తమిళదేశంలో ఒక ఫ్యాక్టరీలో. పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. ఒకమ్మాయి నా మీటలన్నీ వరసగా నొక్కి చూసి, నూట నాలుగూ పలుకుతున్నాయని రాసుకుని అట్టపెట్టెలో పెట్టేసింది. ఏ ఉద్దేశమూ లేకుండా నా మీద పడిన వేళ్లు అవొక్కటే. ఆ తర్వాత నన్ను తాకిన ప్రతి చేతికీ ఏదో ఒక పని, ఏదో ఒక పంతం ఉన్నాయి.

లారీ ఎక్కి, మూడు చేతులు మారి కాశీబుగ్గ చేరాను. పలాస, కాశీబుగ్గ ఎప్పుడో కలిసిపోయాయి, పేర్లే విడిగా మిగిలాయి. గాలి నిండా జీడిగింజలు కాల్చిన వాసన. బస్టాండు వీధిలో తామాడ దమయంతి డి.టి.పి. సెంటర్ నడిపేది. ముందుగదిలో ఆమె భర్త లోకనాథం జెరాక్సులు తీసేవాడు, వెనకగదిలో ఆమె టైపు చేసేది. నా మీద అచ్చేసినవి ఇంగ్లీషు అక్షరాలు, ఆమె వేళ్లలో ఉన్నది తెలుగు. ఏ మీట కింద ఏ అక్షరం దాక్కుందో, ఏ రెండు కలిస్తే ఏ ఒత్తు వస్తుందో ఆమె చూడకుండా చెప్పగలదు. వచ్చినవాళ్లతో కబుర్లాడుతూనే, తల తిప్పకుండా 'లక్ష్మి' కొట్టేసేది. అలాంటి చేతుల కింద పడ్డందుకు నాకు కాస్త పొగరు కూడా వచ్చింది.

పెళ్లికార్డులు, గృహప్రవేశాలు, కరెంటోళ్లకు అర్జీలు, పెద్దకర్మ కార్డులు. అన్నిటికంటే ఎక్కువగా ఆఖరివే. ఉద్దానం ఊళ్లు మాకు దగ్గర. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో చూడ్డానికి ఎంతో చల్లగా ఉండే నేల అది. అక్కడి మనుషులకు నడివయసులోనే కిడ్నీలు పాడవుతాయి. ఎందుకో తెలుసుకుందామని ఎందరో వచ్చారు, సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారు. నీళ్లు వెళ్లాయి గానీ మనుషులు పోవడం ఆగలేదు. నా మీద మాత్రం 'కీ.శే.' అన్న రెండు అక్షరాలు, రెండు చుక్కలు రోజూ పడుతుండేవి. నా ఒంటి నిండా ఉన్నవీ కీలే కనుక, మొదట్లో అదేదో నన్నే అంటున్నారనుకున్నాను. కీర్తిశేషులట. మనిషి పోగా కీర్తి మిగిలిందని మర్యాద. పాపం, బతికుండగా కీర్తి ఎరగనివాళ్లకు కూడా పోగానే అది ఉచితంగా వచ్చేస్తుంది.

దమయంతి తప్పులు చెయ్యదు. ఒక్కసారి చేసింది. మందస దగ్గర ఒక ఊరి పెళ్లికార్డులో, పెళ్లికూతురి తాతగారు నిక్షేపంగా ఉండగా ఆయన పేరు ముందు 'కీ.శే.' కొట్టేసింది. మూడు వందల కార్డులూ అచ్చయిపోయాయి. ఆ ముసలాయన కర్ర పుచ్చుకుని స్వయంగా షాపుకొచ్చాడు.

"నానెప్పుడు సచ్చిపోనానమ్మా? నాకు తెలీకుండా ఎప్పుడు సచ్చిపోనాను?" అన్నాడు.

దమయంతి సిగ్గుతో ఎర్రబడి, ఆయన్ను బల్ల మీద కూర్చోబెట్టి, సోడా తెప్పించింది. ఆ మధ్యాహ్నం అన్నం మానేసి, బ్లేడు తీసుకుని మూడు వందల కార్డుల మీదా ఆ రెండు అక్షరాలనూ గీకేసింది. ఆఖరి కార్డు దాకా కదలకుండా చూసి, "బతికించినావు తల్లీ" అని నవ్వుకుంటూ వెళ్లాడాయన. మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే చాలు, అదే రుజువు అయ్యే రోజులవి.

ఆ షాపులోకే పైల కూర్మారావు టైపు నేర్చుకోవడానికి వచ్చాడు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు. పేరు కూర్మం, ధ్యాసంతా వేగం మీద. "అక్కా, నిమిషానికి ఎన్ని మాటలొస్తన్నాయి?" అని రోజుకు పదిసార్లు అడిగేవాడు. "ముందు తప్పులెన్నొస్తన్నాయో సూడు నాయినా, మాటలు తర్వాత లెక్కపెట్టుకుందాం" అనేది దమయంతి. చేతికి చెయ్యి పట్టుకుని నేర్పింది. ఒక్క పైసా తీసుకోలేదు.

తర్వాత సంగతులు చకచకా జరిగిపోయాయి. లోకనాథం కిడ్నీలు పోయి చనిపోయాడు. కార్డులు అచ్చుకు కాకుండా ఫోన్లకు వెళ్లడం మొదలైంది. పెళ్లికి పిలుపు ఫోన్లోనే, చావుకు పిలుపూ ఫోన్లోనే. కొన్నేళ్లకు దమయంతి కాళ్లు కూడా వాచాయి. రక్తపరీక్ష చీటీలో ఒక అంకె నెలనెలా పెరుగుతూ పోయింది. ఆమె షాపు మూసేసి ఆడపడుచు నీలవేణి ఇంటికి చేరింది. నీలవేణి జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజలు కొట్టే మనిషి. మూసేసే రోజున దమయంతి నన్ను కూర్మారావు చేతిలో పెట్టింది.

"ఏరా కూర్మా, దీన్నట్టుకెల్లు. ఇనపసామాన్లోడికిచ్చీకంటే నీకిస్తేనే నయం. దీనికీ నోరెక్కువే, నీకూ నోరెక్కువే."

అలా నేను అభిప్రాయాలున్న మనిషి చేతిలో పడ్డాను. అప్పటికి కూర్మారావు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి, చొక్కా కూడా విప్పకుండా నా ముందు కూర్చునేవాడు. 'మీట నొక్కు' అని ఒక బ్లాగు. టెక్నాలజీ, రాజకీయం, సమాజం, ఈ మూడింటిలో దేన్నీ వదిలేవాడు కాదు. నూట నలభై మంది చదివేవారు. అందులో ముగ్గురు నలుగురు అతనే అని నాకు అనుమానం.

ఆ అభిప్రాయాలన్నీ నా వీపు మీదుగానే లోకంలోకి నడిచాయి కనుక వాటిని నేను కాదనలేను. నిజం చెప్పాలంటే చాలావాటికి నేనూ తలూపాను. క్యూ అన్నది పేదవాడి మీద వేసే పన్ను అని రాశాడు. డబ్బున్నవాడు ఎక్కడా నిలబడడు, లేనివాడి సగం ఆయుష్షు ఏదో ఒక కిటికీ ముందు కరిగిపోతుందని రాశాడు. కంప్యూటరుకు కులం లేదు, మేనమామ లేడు, టీ డబ్బులు అడగదు అని రాశాడు. నాయకులు మాట మార్చిన ప్రతిసారీ సాఫ్ట్‌వేరులాగా పాత మాట, కొత్త మాట, మార్చిన తేదీ పక్కపక్కన పెట్టి జనానికి చూపించే చట్టం రావాలన్నాడు. ఒక పార్టీ పాత వెర్షను, రెండోది అదే పాత వెర్షనుకు కొత్త రంగు అన్నాడు. ఆ ముక్కకు రెండు వైపులవాళ్లూ తిట్టారు. ఆ రోజు కూర్మారావు ఆనందం చూడాలి. జీడిగింజల నూనెకు ఆడవాళ్ల వేళ్లు కాలిపోతుంటే యంత్రాలు పెట్టరేమని ఒక పెద్ద వ్యాసం రాశాడు. అది మంచి వ్యాసం. ముగ్గురు చదివారు. తెలుగులో అడగలేని హక్కు హక్కే కాదని ఇంకొకటి రాశాడు. అది తెల్లారేదాకా కూర్చుని రాశాడు, అది నటన కాదు.

అతనిలో ఒక లోపం ఉంది. మనుషుల గురించి ఎంతో బాధపడేవాడు, కానీ వాళ్లను మందగానే చూసేవాడు. 'ప్రజలు' అన్న మాట నా మీద కొన్ని వేలసార్లు కొట్టాడు. ఒక మనిషి పేరు కొట్టిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఒక సంక్షేమ జాబితాలో చనిపోయినవాళ్ల పేర్లు ఇంకా నడుస్తున్నాయని ఎక్కడో చదివి, 'పోయినవారి పేర్ల మీద బతికేవారు' అని వ్యాసం రాశాడు. వైద్యం కార్డులైనా బియ్యం కార్డులైనా, దళారులు పోయినవాళ్ల పేర్లు వాడుకుంటున్నారు, యంత్రానికి అప్పగిస్తే ఒక్క పూటలో ఏరిపారేస్తుంది అన్నాడు. ఆ వ్యాసం మాత్రం నూట నలభై మందిని దాటి వెళ్లింది. జిల్లాలో ఒక ఆఫీసరు ఫోన్ చేశాడు. ఏ ఆఫీసో చెప్పను. పరువునష్టం దావా పడితే కోర్టుకు వెళ్లడానికి నాకు కాళ్లు లేవు.

"కూర్మారావు గారూ, మీ వ్యాసం చదివానండీ. మాటలు బానే ఉన్నాయి. మరి చేసి చూపిస్తారా?" అన్నాడు.

కూర్మారావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఫోనులో మాట్లాడేవాడికి కనపడదు కదా అని నేననుకున్నాను. ఏడేళ్లుగా గోడకు చెప్పుకున్న మాటలు ఇవాళ ఒక మనిషి విన్నాడు. నిలబడక ఏం చేస్తాడు?

జాబితా వచ్చింది. ఏళ్ల తరబడి ఎందరో గుమాస్తాలు ఎక్కించిన తెలుగు జాబితా. పేరు, తండ్రి పేరు, భర్త పేరు అన్నీ ఒకే గడిలో పోసేశారు. కూర్మారావుకు అదేమీ అడ్డంగా కనపడలేదు. పైగా మురిసిపోయాడు. "తెలుగు ఎంత గొప్పదో చూడు! పోయినవాళ్లకు తనంతట తానే గుర్తు పెట్టేసింది" అని పైకే అన్నాడు. ఒక ఆదివారం పొద్దున్నే కూర్చుని ప్రోగ్రాం రాశాడు. అందులో ఒక వరస ఇది: గడిలో ఎక్కడైనా 'కీ.శే.' అని ఉంటే ఆ కార్డు మనిషి చనిపోయినట్టు గుర్తు పెట్టు. ఆ రెండు అక్షరాలు, రెండు చుక్కలు దమయంతి నేర్పిన చేతితో, దమయంతి ఇచ్చిన నా మీదే కొట్టాడు. ఎప్పటిలాగే టక్కుమన్నాను. నాకు అంతకంటే ఏం చాతనవుతుంది?

సరిచూసుకోలేదా అంటారేమో. చూసుకున్నాడు. ప్రోగ్రాం పట్టుకున్నవాటిలో తన ఊరివి ఇరవై తీసి, 'కీ.శే.' పక్కనున్న పేర్లు ఒక్కొక్కటే చదువుకున్నాడు. వాళ్లంతా నిజంగానే పోయినవాళ్లు. ఇరవైకి ఇరవై సరిపోయాయి. ఆ పేరుకు ముందు ఇంకొక పేరుందనీ, మధ్యలో 'భర్త' అనే చిన్న మాట ఉందనీ అతను చూడలేదు. భర్త కీ.శే. ఫలానా. కార్డు ఆమెది, పోయింది ఆయన. యంత్రం ఇద్దరినీ ఒకే చితి మీద పెట్టేసింది.

మొత్తం రెండు వేల మూడు వందల పదహారు పేర్లు తేలాయి. అంత పెద్ద అంకె చూసి ఎవరైనా ఉలిక్కిపడాలి. ఆఫీసరు ఉలిక్కిపడలేదు. "ఉద్దానం కదండీ, చావులు ఎక్కువే ఉంటాయి" అన్నాడు. కూర్మారావు కూడా అవునన్నాడు. అక్కడ చావు ఎంత మామూలంటే, లేని చావులు కూడా లెక్కలో ఇమిడిపోయాయి. ఫిబ్రవరి పదకొండున జాబితా శుభ్రమైంది. కూర్మారావు ఆ సాయంత్రం 'ఒక్క మీట, రెండు వేల దొంగకార్డులు' అని రాశాడు. పేపర్లో ఫోటో పడింది. కాలేజీలో శాలువా కప్పారు.

మార్చి నాలుగున, కాలేజీ వదిలే వేళకు నీలవేణి ఆటోలో దమయంతిని తీసుకొచ్చింది. ఆమెను గుర్తుపట్టడానికి నాకే కాసేపు పట్టింది. ముఖం ఉబ్బి, ఒంటి రంగు మారిపోయి ఉంది. వారానికి రెండుసార్లు డయాలసిస్ మీద బతుకుతున్న మనిషి. వైద్యం కార్డు మీద ఉచితంగా జరుగుతోంది.

"ఏటైందక్కా?" అన్నాడు కూర్మారావు కంగారుగా.

"ఏటీ అవ్వలేదురా, సచ్చిపోనానంట" అంది దమయంతి, కుర్చీలో కూలబడుతూ. "ఆస్పత్రిలో కార్డు పెట్టినారు. లబ్ధిదారు మరణించారు అన్నాది ఆ కంప్యూటరు పెట్టి. ఆ సిస్టరమ్మ నా మొగం సూసింది, పెట్టిని సూసింది, మల్లీ నా మొగం సూసింది. ఆకరికి పెట్టినే నమ్మింది."

నీలవేణి అందుకుంది. "మంచోలే బాబూ, దొంగసాటుగా మూడుసార్లు డయాలసిస్ ఎక్కించినారు. ఇంక కుదర్దంట. బతికున్నట్టు కాయితం తెమ్మన్నారు. ఈవిడ వేలిముద్ర ఎడితే సచ్చిపోయినోల ముద్ర తీసుకోనంటాది మిసను. ఇంటోలెవరైనా సాచ్చిగా ముద్రెయ్యమన్నారు. నా వేల్లు సూడండి, జీడిపాలకి కాలిపోయి నున్నగా అయిపోనాయి. నా ముద్రా తీసుకోదు."

అర్జీ కావాలన్నారు. కూర్మారావు ఫోను తీసి, నోటితో చెబితే రాసేస్తుంది అక్కా అన్నాడు. "నీ ఫోనుకి సెప్తే నా పేరు దయమంతి అని రాస్తాది. జరుగు, నానే కొడతాను" అంది దమయంతి.

ఏడేళ్ల తర్వాత ఆ వేళ్లు నా మీద పడ్డాయి. వాచి, బరువెక్కి ఉన్నాయి, అయినా దారి మర్చిపోలేదు. 'అయ్యా, తామాడ దమయంతి, భర్త కీ.శే. లోకనాథం, అను నేను బతికియుండి మనవి చేసుకొనునది.' ఆయాసానికి రెండుచోట్ల ఆగింది. తప్పు ఒక్కటీ లేదు. కూర్మారావు వెనక నిలబడి చదువుతున్నాడు. అర్థమైపోయింది అతనికి. 'భర్త కీ.శే.' దగ్గర అతని చూపు అతుక్కుపోయింది.

ఆమెకు ఏమీ చెప్పలేదు. "నేను చూసుకుంటానక్కా" అన్నాడు. వాళ్లు వెళ్లాక ప్రోగ్రాం తెరిచి ఆ వరస మళ్లీ చదువుకున్నాడు.

మర్నాడు ఆఫీసరుకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టి నా పక్కనే పెట్టాడు. విషయమంతా చెప్పాడు.

"జాబితా నా చేతిలో లేదండీ, పైకి వెళ్లిపోయింది" అన్నాడు ఆఫీసరు. "ఒకటే దారి. ప్రోగ్రాంలో ఈ వరస నేను తప్పు రాశాను అని మీరు మీ బ్లాగులో రాయండి. గొప్పగా చెప్పుకున్నది అందులోనే కదా. దాన్ని జతచేసి మొత్తం వెనక్కి తిప్పమని నేను పైకి రాస్తాను. తప్పు ఒక్కటే అయితే ఒక్క రోజులో అందరినీ సరిచేస్తారు. కాదంటే ఎవరికి వారు అర్జీలు పెట్టుకోవాలి, ఎన్ని నెలలు పడుతుందో నేను చెప్పలేను. మీ పేరు పోతుందండీ. ఎన్నికలు కూడా దగ్గరకొచ్చాయి. ఆలోచించుకోండి."

ఆఫీసర్లందరూ చెడ్డవాళ్లని కూర్మారావు చాలాసార్లు రాశాడు. ఈయన మాత్రం చెయ్యాల్సిన పని స్పష్టంగా చెప్పాడు.

ఆ సాయంత్రం కూర్మారావు 'ఆ వరస నేను తప్పు రాశాను' అని కొట్టాడు. చూశాడు. బ్యాక్‌స్పేస్ నొక్కి పట్టుకున్నాడు, ఒక్కో అక్షరం వెనక్కి పోయింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ చెరిపాడు. నాలుగు రోజులు ఇదే వరస. భయం ఉంది, కాదనను. కాలేజీవాళ్లు ఏమంటారో, శాలువా కప్పినవాళ్లు ఏమంటారో. కానీ ఒట్టి భయమే అయితే నేను అతన్ని తేలిగ్గా తిట్టేసేదాన్ని. అతనికి ఒక నమ్మకం కూడా ఉంది, అదే కొంప ముంచింది. యంత్రం తప్పు చేసిందని తెలిస్తే దళారులు మళ్లీ వస్తారు, టీ డబ్బులు మళ్లీ వస్తాయి, ఏడేళ్లు తను చెప్పినదంతా నవ్వులపాలైపోతుంది, నష్టపోయేది ప్రజలే అనుకున్నాడు. ఇదంతా నా మీదే వాదించుకున్నాడు, తనకు తాను ఉత్తరాలు రాసుకుని. ఆ ఉత్తరాల్లో ప్రజలు పదకొండుసార్లు వచ్చారు. దమయంతి ఒక్కసారి కూడా రాలేదు.

ఐదో రోజున పోస్టు పెట్టాడు. 'జాబితా శుద్ధిలో కొన్ని లోపాలు జరిగినట్టు దృష్టికి వచ్చింది.'

జరిగింది. తెలుగులో ఇంత వాటమైన మాట ఇంకోటి లేదు. వాన పడింది, పొద్దు పోయింది, లోపం జరిగింది. చేసినవాడు అక్కర్లేదు. ఎవరి వేలూ ఏ మీట మీదా ఉండక్కర్లేదు. ఎన్నో ఏళ్లుగా నాయకులు 'జరిగింది' అని తప్పించుకుంటారని ఇదే కూర్మారావు ఇదే బ్లాగులో ఎత్తిపొడిచాడు. చెప్పేవి శ్రీరంగనీతులు అని ఊరికే అన్నారా!

నాలుగు వందల వ్యాఖ్యలు వచ్చాయి. లోపం మీ ప్రభుత్వానిదని ఒకరు, మీ పాత ప్రభుత్వం ఎక్కించిన జాబితాదని ఇంకొకరు కొట్టుకున్నారు. ఎవరి లోపం ఏమిటి, ఎవరి కార్డు పోయింది అని అడిగినవాడు ఒక్కడు లేడు. పై ఆఫీసు ఆ పోస్టును చదివి సమాధానం పంపింది. లోపం జరిగినవారు విడివిడిగా అర్జీ పెట్టుకోవచ్చు.

ఈలోగా కూర్మారావు దమయంతిని విశాఖ తీసుకెళ్లి నాలుగుసార్లు ప్రైవేటుగా డయాలసిస్ చేయించాడు. తర్వాత అతని చేతిలోనూ డబ్బు లేకపోయింది. ఇక్కడి ఆస్పత్రివాళ్లు వారానికోసారి ఎవరైనా రాకపోతే ఆ చోట ఆమెను చాటుగా ఎక్కించేవారు. ఒక్కోవారం అదీ లేదు.

ఏప్రిల్ పద్నాలుగున దమయంతి మళ్లీ వచ్చింది. గుమ్మం దగ్గర్నుంచి కుర్చీ దాకా రావడానికి నీలవేణి భుజం పట్టుకోవాల్సి వచ్చింది. నీలవేణిని బయట కూర్చోమంది.

"ఆఫీసులో సెప్పినారురా. ఆ ప్రోగ్రాము కాశీబుగ్గలో ఒక మేస్టారు రాసినాడంట. నువ్వేనా?"

కూర్మారావు తలొంచుకున్నాడు. "తప్పు జరిగిపోయిందక్కా."

"జరగడమేటిరా?" దమయంతి గొంతు పెంచలేదు, పెంచే ఊపిరి లేదు. "అది దానంతటది జరుగుతాదేటి? ఆ ముసలాయన కార్డు మీద కొట్టింది ఎవులు? నాను. నాను కొట్టినానని సెప్పి నానే గీకినాను. నీకు నానొక్కటే నేర్పినాను, తప్పు కొడితే సెరుపుకోమని. సిగ్గు పడితే పడతావు. సిగ్గుకి ఎవులూ సావరు."

"రాస్తానక్కా."

"నాకోసం కాదు. నాకెలాగా దగ్గరకొచ్చీసింది. అక్కడ రెండు వేలమందున్నారు. ఎవులెవులికి ఏ జబ్బుందో. ఒక్క మాట మార్చు నాయినా, జరిగింది తీసేసి చేశాను అని పెట్టు. మూడక్షరాలు."

"రేపు మారుస్తాను" అన్నాడు.

ఆమె లేస్తూ నా మీద చెయ్యి ఆనించింది, ఆసరాకు. ఒకేసారి పదిహేను మీటలు నొక్కుకుని తెర నిండా అర్థంలేని అక్షరాలు పడ్డాయి. "అయ్యో" అని, అలవాటు కొద్దీ వాటిని చెరిపేసి మరీ వెళ్లింది.

రేపు వచ్చింది. కూర్మారావు ఆ పోస్టు తెరిచాడు, 'జరిగినట్టు' దగ్గర కర్సరు పెట్టాడు. కాలేజీ నుంచి ఫోనొచ్చింది, లేచి వెళ్లాడు. మర్నాడు కూడా తెరిచాడు. నేను ఎదురుచూశాను. మూడే మూడు అక్షరాలు. నా స్ప్రింగులు అంత తేలిగ్గా ఉండాలని, తాకకుండానే దిగిపోవాలని ఆ వారమంతా కోరుకున్నాను. వస్తువుకు కోరిక ఉంటే మాత్రం ఏం లాభం? నా పని నొక్కినప్పుడు పలకడం. ఎవరూ నొక్కలేదు.

ఏప్రిల్ ఇరవై మూడున దమయంతి ఊపిరి ఆడక పోయింది. పొద్దున పదింటికి, ఆస్పత్రి వరండాలో, తన వంతు లేని రోజున.

పదిహేను రోజుల తర్వాత నీలవేణి ఒక్కతే వచ్చింది. చేతిలో ఒక కాగితం ఉంది. కూర్మారావు కుర్చీ జరిపాడు గానీ ఆమె కూర్చోలేదు.

"బాబూ, పోయినట్టు కాయితం కోసం ఎల్లినాను. ఇదివరకే ఉంది గదమ్మా, తీసుకెల్లు అని ఇది సేతిలో ఎట్టినారు. ఇందులో ఫిబ్రవరి పదకొండు అనుంది. కాదు బాబూ, మొన్న ఏప్రిల్‌లో పోనాది, నా సేత్తో గంజి తాగి పోనాది అంటే, ఒక మనిసికి రెండు కాయితాలివ్వరంట. ఒకసారి పోయినోలు మల్లీ పోడానికి కుదర్దంట. మీరు సదువుకున్నోలు. ఆ తేదీ ఒక్కటి మార్పించండి. రెండు నెల్లు ఎంత కట్టపడి బతికినాది! అది లేదంటే ఎలాగ?"

కూర్మారావు ఆ కాగితం చదివి తిరిగిచ్చాడు. "చూస్తానమ్మా" అన్నాడు. నీలవేణి అతని ముఖంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా కాగితం మడిచి రొంటిన దోపుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత అతను నన్ను ముట్టుకోలేకపోయాడు. ఒకట్రెండుసార్లు ప్రయత్నించి, నా టక్కు వినపడగానే చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఫోనుకు చెప్పి రాయించుకోవడం మొదలుపెట్టాడు. అభిప్రాయాలు మాత్రం ఆగలేదు. ఇప్పుడతను యంత్రాలకు నీతి ఎలా నేర్పాలి అన్నదాని మీద రాస్తున్నాడు. చాలా లోతుగా రాస్తున్నాడనీ, చదివేవాళ్లు పెరిగారనీ విన్నాను. ఆ ప్రోగ్రాం వేరే జిల్లాకు కూడా వెళ్లిందని, అక్కడ దాని పేరు మార్చారని అతనే ఫోనులో ఎవరితోనో అంటుండగా విన్నాను. పాత పోస్టులో 'జరిగినట్టు' అలాగే ఉంది.

నన్ను పాత పేపర్లలో చుట్టి, రైల్వేగేటు దగ్గర ఇనపసామాన్ల కొట్టులో ఇచ్చేశాడు. కొట్టతను రాగి కోసం నా తీగ మొదలంటా కోసేశాడు. ఇప్పుడు నన్ను నొక్కినా ఏ తెర మీదా ఏదీ పడదు. నా పక్కన పగిలిన మిక్సీలు, వేలిముద్రల పెట్టె ఒకటి, టీవీ పెట్టెలు ఉన్నాయి. వేలిముద్రల పెట్టెను అడగాలని ఉంది, ఎన్ని చేతులను వెనక్కి పంపావని. అది పలకదు. అడిగినా 'జరిగింది' అంటుందేమో.

నన్ను కరిగించేలోగా ఎవరికైనా చెప్పాలి. నా మాట ఏ ఆఫీసులోనూ చెల్లదని తెలుసు. రికార్డు ప్రకారం తామాడ దమయంతి ఫిబ్రవరి పదకొండున చనిపోయింది. ఆ తర్వాత మరో డెబ్బై ఒక్క రోజులు ఉంది. విశాఖ రైలెక్కింది, ఆస్పత్రి వరండాల్లో కూర్చుంది, నీలవేణి గంజి తాగింది. మార్చి నాలుగున సాయంత్రం నా మీద అర్జీ కొట్టింది. ఏ మీటను ఎన్నిసార్లు నొక్కిందో చెప్పగలను, ఎక్కడ ఆయాసపడి ఆగిందో చెప్పగలను. ఆమె వేళ్లు వాచి ఉన్నాయి, కానీ వెచ్చగా ఉన్నాయి.